పిప్ మనసు పడింది ఎస్టెల్లా మీదా, ఆమె ఉన్న ఇంటి మీదా?

నీలిఅట్ట (చర్చ మొదలుపెట్టినవారు)

చార్లెస్ డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ గురించి ఎక్కడ మాట్లాడుకున్నా పిప్, ఎస్టెల్లాల ప్రేమకథ అనే అంటారు. నా పేచీ అక్కడే. పిప్ మనసు పడింది ఎస్టెల్లా ఉండే సాటిస్ హౌస్ మీద అని నా వాదన. ఆమె ఆ ఇంటి గుమ్మంలో నిలబడిన మనిషి, అంతే.

చదవనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. పిప్ అమ్మానాన్నా లేని పిల్లాడు. ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతపు చిత్తడి నేలల పక్కన, అక్క దగ్గర, కమ్మరిపని చేసే బావ జో దగ్గర పెరుగుతాడు. ఓ సాయంత్రం సమాధుల దగ్గర మాగ్విచ్ అనే పారిపోయిన ఖైదీ పట్టుకుని బెదిరిస్తే, అతనికి తిండీ, సంకెళ్లు కోసుకోవడానికి ఆకురాయీ తెచ్చి ఇస్తాడు. తర్వాత పక్క పట్నంలోని మిస్ హావిషామ్ అనే డబ్బున్నావిడ ఇల్లు సాటిస్ హౌస్‌కి ఆడుకోవడానికి పిలుపొస్తుంది. పెళ్లిరోజే మోసపోయిన ఆవిడ గడియారాలన్నీ తొమ్మిదికి ఇరవై నిమిషాల ముందు ఆపేసి, ఆ పెళ్లిబట్టల్లోనే ఉండిపోయింది. ఎస్టెల్లా ఆవిడ పెంపుడు కూతురు. కొన్నేళ్లకి ఎవరో పేరు చెప్పని దాత డబ్బుతో పిప్ లండన్ వెళ్లి దొరబాబు అవుతాడు. ఇస్తున్నది హావిషామే అనుకుంటాడు. ఇచ్చింది ఆ ఖైదీ.

ఇప్పుడు ఎనిమిదో అధ్యాయం చూడండి. మొదటిరోజు ఇద్దరూ పేకాడతారు. పెద్దింటివాళ్లు ‘నేవ్’ అనే ముక్కని పిప్ ‘జాక్’ అంటాడు. వీడి చేతులు ఎంత మొరటుగా ఉన్నాయో, బూట్లు ఎంత మందంగా ఉన్నాయో అని ఎస్టెల్లా అంటుంది. ఆట అయ్యాక రొట్టే, మాంసమూ, చిన్న మగ్గుతో బీరూ తెచ్చి, మగ్గుని పెరట్లో రాళ్ల మీద పెట్టి, రొట్టే మాంసమూ మొహం కూడా చూడకుండా కుక్కకి పెట్టినట్టు ఇచ్చిపోతుంది. పిప్ గోడకి ఆనుకుని ఏడుస్తాడు, గోడని తంతాడు, జుట్టు పీక్కుంటాడు. తర్వాత చొక్కా చేత్తో మొహం తుడుచుకుని ఆ రొట్టె తింటాడు. అంతకుముందు దాకా వాడికి తన చేతుల గురించి ఆలోచనే లేదు. ఆ రోజు నుంచి వాడి ప్రతి కోరికా ఆ గోడ దగ్గర నుంచే బయల్దేరింది.

పదకొండో అధ్యాయంలో ఎస్టెల్లా చెంప మీద ముద్దు పెట్టుకోనిస్తుంది. పిప్‌కి ఏమనిపించింది? మొరటు పిల్లాడికి చిల్లర డబ్బు పడేసినట్టు ఇచ్చిందనీ, దానికి విలువేమీ లేదనీ. ప్రేమలో ఉన్నవాడు ముద్దుని నాణెంతో పోలుస్తాడా? పదిహేడో అధ్యాయంలో ఆమె కోసమే పెద్దమనిషిని కావాలని ఉందని చెప్తే, ఆమె మీద కసి తీర్చుకోవడానికా, ఆమెని గెలుచుకోవడానికా అని ఊళ్లో తన స్నేహితురాలు బిడ్డీ అడుగుతుంది. పిప్ ‘తెలీదు’ అంటాడు. నా దృష్టిలో నవల మొత్తంలో ఇంత నిజాయితీ గల జవాబు ఇంకోటి లేదు.

ఇరవై తొమ్మిదో అధ్యాయం ఇంకా స్పష్టం. పిప్ లండన్ నుంచి తిరిగొచ్చి సాటిస్ హౌస్ వైపు నడుస్తూ కలలు కంటాడు. పాడుబడిన ఇల్లు బాగుచెయ్యాలి, చీకటి గదుల్లోకి ఎండ రానివ్వాలి, గడియారాలు మళ్లీ నడపాలి, చల్లారిన పొయ్యిలు మండించాలి, బూజులు దులపాలి, చివరికి రాకుమారిని పెళ్లాడాలి. వరస చూశారు కదా. ఇంటి పనులన్నీ అయ్యాక అమ్మాయి.

గోదారిగట్టు

నీలిఅట్ట గారూ, మీరు ఎత్తిచూపిన పేజీనే నేనూ తెరుస్తాను. ఆ రాకుమారి కల అయిన వెంటనే పిప్ ఏమంటాడో మీరు వదిలేశారు. ఆమెకి లేని గుణాలు అంటగట్టి తాను ప్రేమించలేదనీ, ఆమెని చూస్తే తట్టుకోలేక ప్రేమించాననీ అంటాడు. బుద్ధికీ, శాంతికీ, ఆశకీ, సుఖానికీ విరుద్ధమని తెలిసే ప్రేమించానంటాడు. హోదా కోసం ప్రేమించేవాడు లాభం లెక్క చూసుకుంటాడు. పిప్ నష్టం లెక్క చూసుకుని కూడా వెనక్కి రాలేకపోయాడు.

నలభై నాలుగో అధ్యాయం చదివి కూడా ఇది ప్రేమ కాదు అనగలగడం నాకు ఆశ్చర్యంగా ఉంది. అప్పటికి డబ్బు ఎవరిదో తెలిసిపోయింది, ఆశలన్నీ కూలిపోయాయి. ఎస్టెల్లా డ్రమ్మిల్ అనే మొరటు ధనవంతుడిని చేసుకుంటున్నానంటుంది. అప్పుడు పిప్ చెప్పే మాటల్లో ఆస్తి ఊసు ఎక్కడుంది? తాను చదివిన ప్రతి వాక్యంలోనూ ఆమె ఉందట. నదిలో, ఓడల తెరచాపల మీద, చిత్తడి నేలల్లో, మేఘాల్లో, వెలుగులో, చీకట్లో ఆమే ఉందట. వీటిలో సాటిస్ హౌస్ వస్తువు ఒక్కటీ లేదు. తాను పుట్టిపెరిగిన నేలంతా ఆమెతో నిండిపోయిందని చెప్తున్నాడు.

అసలైన రుజువు యాభై ఆరో అధ్యాయంలో ఉంది. అప్పటికి ఎస్టెల్లా ఎవరి కూతురో పిప్‌కి తెలుసు. తండ్రి ఖైదీ మాగ్విచ్. తల్లి మోలీ, హత్య కేసులో విడుదలై లాయర్ జాగర్స్ ఇంట్లో పనిచేస్తున్న మనిషి. పుట్టుక లెక్కన ఎస్టెల్లా పిప్ కంటే కింద. మీ వాదన నిజమైతే ఆ క్షణంలోనే వాడి మోజు తీరిపోవాలి. తీరలేదు. చనిపోతున్న మాగ్విచ్ చెయ్యి పట్టుకుని, మీ కూతురు బతికే ఉంది, నేను ఆమెని ప్రేమిస్తున్నాను అని చెప్తాడు. ఎవరి మెప్పు కోసం చెప్పాడు ఆ మాట?

ఫైనల్‌ఇయర్

నాకు ఈ నవల సిలబస్‌లో ఉంది, సగం దాటాను. ఇద్దరి మాటలూ చదివాక ఒక డౌట్. వర్గాన్నీ ప్రేమనీ అలా విడదీసి చూడగలమా? మనం ఎవరినైనా ఇష్టపడితే వాళ్ల మాటతీరు, నడక, వాళ్లింట్లో కూర్చునే పద్ధతి అన్నీ కలిపే కదా ఇష్టపడతాం. ఎస్టెల్లాలోంచి ఆ ఇంటిని తీసేస్తే ఎవరు మిగులుతారు?

కొలిమిఇల్లు

మాది కమ్మరి కుటుంబం. తాత చేతి సమ్మెట దెబ్బ విని పెరిగినవాణ్ని. నీలిఅట్ట అన్న, గోదారిగట్టు అన్న ఇద్దరూ సాటిస్ హౌస్ చుట్టూనే తిరుగుతున్నారు. ఈ నవలలో ఇంకో చోటు ఉంది, కొలిమి. దాన్ని పక్కనపెట్టి ఈ ప్రశ్న తేల్చలేం.

జో అనగానే అందరూ ‘పాపం అమాయకుడు’ అంటారు. నాకు ఆ మాట నచ్చదు. క్రిస్మస్ రోజు సిపాయిలు తాళం పాడైన బేడీలు పట్టుకొచ్చి బాగుచెయ్యమంటే, పండగ పూట కొలిమి రాజేసి పని ముగించిన పనివాడు. ఓర్లిక్ అనే కూలీ తిరగబడితే ఇట్టే నేలమీద పడేసిన బలవంతుడు. పిప్‌ని లండన్ తీసుకెళ్తున్నప్పుడు జాగర్స్ నష్టపరిహారం సంగతి ఎత్తితే, పిల్లాడికి డబ్బు ఖరీదు కడతావా అని మీదికి వెళ్లినంత పని చేసిన మనిషి. చివర్లో పిప్‌ని అప్పుల కింద అరెస్టు చేయడానికి వచ్చినప్పుడు ఆ బాకీ 123 పౌండ్ల 15 షిల్లింగుల 6 పెన్నీలు. నగల దుకాణం బాకీ అది. పిప్ జ్వరంతో పడి ఉంటే ఆ మొత్తం కట్టేసి, రసీదు వదిలి, తెల్లారేసరికి వెళ్లిపోయాడు జో. సుత్తి పట్టి కూడబెట్టిన డబ్బు అది. నవలలో ఎవరి మీదా పెత్తనం కోరకుండా ఇచ్చిన డబ్బు నా లెక్కలో అదొక్కటే.

ఇరవై ఏడో అధ్యాయం చూడండి. లండన్‌లో బర్నార్డ్స్ ఇన్ అనే మురికి గదుల్లో పిప్ ఉన్నప్పుడు జో చూడటానికి వస్తాడు. టోపీ ఎక్కడ పెట్టాలో తెలీదు. పక్షి గూడుని గుడ్లతో సహా పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంటాడు, ఎవరికీ ఇవ్వడు, పొయ్యి పైన అంచు మీద పెడతాడు. అది జారుతూ ఉంటుంది, ఈయన పట్టుకుంటూ ఉంటాడు. పిప్‌కి ఒళ్లంతా చిరాకు. డబ్బిచ్చి జో రాకుండా ఆపగలిగితే ఇచ్చేవాణ్ని అని ముందే అనుకున్నాడు. ఇంతకీ జో వచ్చింది ఎందుకు? ఎస్టెల్లా తిరిగొచ్చింది, నిన్ను చూస్తే సంతోషిస్తుంది అని చెప్పడానికి. ఆ మాట వినగానే పిప్ మొహం వెలిగిపోతుంది. పని ఇదని ముందే తెలిస్తే కాస్త ఆదరంగా మాట్లాడేవాణ్నని తనే ఒప్పుకుంటాడు.

జో వెళ్లేముందు చెప్పిన మాట నాకు ఎప్పటికీ మర్చిపోయేది కాదు. ఈ బట్టల్లో నేను తప్పుగా కనిపిస్తాను, కొలిమిలో సుత్తి చేత్తో పట్టుకుని ఉండగా వచ్చి చూడు, ఇందులో సగం తప్పు కూడా కనిపించదు అంటాడు. ఆ తర్వాత పిప్ ఊరెళ్లాడు. కొలిమికి వెళ్లకుండా బ్లూ బోర్ సత్రంలో దిగాడు. వెళ్లనందుకు పరిహారంగా చేపా, ఆయిస్టర్ల పీపా పంపించాడు. ప్రేమ పేరుతో ఒక మనిషి ఇంత మంచి మనిషిని తప్పించుకు తిరిగితే, ఆ ప్రేమలో ఇంకేదో కలిసి ఉందని నేనంటాను. అందుకే నా ఓటు నీలిఅట్ట అన్నకే.

ఒక్క సంగతి మాత్రం ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. మా కమ్మర్లకి దెబ్బకి తగ్గట్టు పాడుకునే పాటలున్నట్టే జో కొలిమిలో ‘ఓల్డ్ క్లెమ్’ అనే పాట ఉంది. పన్నెండో అధ్యాయంలో పిప్ దాన్ని సాటిస్ హౌస్‌లో పాడతాడు. మిస్ హావిషామ్‌కి నచ్చి, చక్రాల కుర్చీ తోస్తున్నప్పుడల్లా తనూ పాడుతుంది, ఎస్టెల్లా కూడా గొంతు కలుపుతుంది. ఆ చచ్చిపోయిన ఇంట్లో వినిపించిన ప్రాణమున్న చప్పుడు కొలిమి పాటే. పిప్‌కి ఆ సంగతి తట్టలేదు. తట్టి ఉంటే సిగ్గుపడాల్సిన అవసరమే ఉండేది కాదు.

వేసవిమధ్యాహ్నం

ఇంతసేపు పిప్ ఏం ప్రేమించాడో మాట్లాడుకున్నారు. ప్రేమించబడిన అమ్మాయి ఏమంటోందో ఎవరూ అడగలేదండీ.

ముప్పై ఎనిమిదో అధ్యాయంలో మిస్ హావిషామ్, నన్ను ఎందుకు ప్రేమించవు, నీది రాతిగుండె అని ఏడిస్తే ఎస్టెల్లా గొంతు కూడా పెంచదు. నేను నువ్వు తయారుచేసిన దాన్ని, మెప్పైనా నిందైనా నువ్వే తీసుకో అంటుంది. వెలుగు అనేది ఉందనే చెప్పకుండా పిల్లని చీకట్లో పెంచి, తర్వాత వెలుగుని గుర్తుపట్టమంటే ఎలా అని అడుగుతుంది. ఆ అమ్మాయికి రెండు మూడేళ్లప్పుడు జాగర్స్ తెచ్చి ఆ ఇంట్లో పెట్టాడు. ఎవరి కూతురో చెప్పలేదు. మగవాళ్ల గుండెలు పగలగొట్టడానికి వస్తువులా తయారుచేశారు. పిప్ అయినా చిన్నప్పటి నుంచీ కొలిమి దగ్గర, ప్రేమించే మనిషి దగ్గర పెరిగాడు. ఎస్టెల్లాకి జో లాంటివాడు ఒక్కడూ లేడు.

ఆ అమ్మాయి పిప్‌ని ఎన్నిసార్లు హెచ్చరించిందో చూడండి. నాకు గుండె లేదు అని చెప్పింది. డ్రమ్మిల్‌ని అంటిపెట్టుకుని ఎందుకు తిరుగుతున్నావు, అతన్ని వలలో వేస్తున్నావా అని పిప్ అడిగితే, అవును, అతన్నీ మిగతా అందర్నీ, నిన్ను తప్ప అంటుంది. నాకు తెలిసి ఎస్టెల్లా ఇవ్వగలిగిన ప్రేమ అదే. పిప్‌ని మాత్రం మోసం చెయ్యదలుచుకోలేదు. ఆ మాట విలువ పిప్‌కి అందలేదు, తన బాధలో తను మునిగి ఉన్నాడు.

గోదారిగట్టు గారు చెప్పిన నలభై నాలుగో అధ్యాయం అందంగా ఉంటుంది, కాదనను. దాంట్లో ఎస్టెల్లాకి ఏం కావాలన్న ప్రశ్న ఎక్కడా లేదు. నువ్వు నా ఉనికిలో భాగం అంటాడు. నాలో భాగమైపోయిన మనిషికి సొంత బతుకు ఎక్కడ మిగులుతుంది? ఆమె అతన్ని కాస్త ఆశ్చర్యంగా చూసిందంటాడు పిప్. ఆ ఆశ్చర్యంలో నాకు ఎస్టెల్లా పూర్తిగా కనిపిస్తుంది. తనకి నేర్పని భాష ఎదుటివాడు మాట్లాడుతున్నాడు.

నీలిఅట్ట

వేసవిమధ్యాహ్నం గారి మాటతో నా వాదనకి బలం వచ్చిందనే అనుకుంటున్నాను. ఎదుటి మనిషి మాట వినిపించుకోనివాడు ప్రేమించింది తన మనసులోని బొమ్మని. ఆ బొమ్మ సాటిస్ హౌస్ నుంచి వచ్చింది.

గోదారిగట్టు గారూ, మాగ్విచ్ మరణశయ్య దగ్గర పిప్ ఎస్టెల్లా గురించి చెప్పింది ఇంకోసారి చూడండి. ఆమె ఇప్పుడు పెద్దింటి మనిషి, చాలా అందగత్తె, నేను ప్రేమిస్తున్నాను అంటాడు. మొదట హోదా, తర్వాత అందం. దానికి ముందే, ఆమె పుట్టుక రహస్యం బయటపెడితే ఎవరికీ మంచిది కాదని జాగర్స్ చెప్తే పిప్ ఒప్పుకున్నాడు. ఎస్టెల్లా కోసమే దాచాడు, నిజమే. ఆ దాచడంలో ఖైదీ కూతురు కావడం సిగ్గుచేటు అన్న నమ్మకం కూడా ఉంది కదా.

ముప్పై రెండో అధ్యాయం ఎవరూ ఎత్తలేదు. లండన్‌లో ఎస్టెల్లా బండి కోసం పిప్ గంటల ముందే వచ్చి ఎదురుచూస్తుంటాడు. ఈలోగా జాగర్స్ గుమాస్తా వెమ్మిక్ కనిపించి న్యూగేట్ జైలు చూపిస్తానని తీసుకెళ్తాడు. తిరిగొచ్చాక పిప్ కాళ్లకి అంటిన జైలు దుమ్ము దులుపుకుంటాడు, బట్టలు విదిలిస్తాడు, ఊపిరితిత్తుల్లోంచి ఆ గాలి బయటికి వదులుతాడు. ఈ మురికికీ, వస్తున్న ఆ గొప్ప అమ్మాయికీ ఎంత దూరం అనుకుంటాడు. బండి కిటికీలోంచి ఆమె మొహం కనిపించగానే పేరు తెలియని నీడ ఏదో అతని మనసులో కదిలి మాయమవుతుంది. ఆ నీడ మోలీ పోలిక. జైలు దుమ్ములోంచే వచ్చిన అమ్మాయి కోసం జైలు దుమ్ము దులుపుకుంటున్నాడు. పిప్ ప్రేమించే ఎస్టెల్లా ఆ దుమ్ము అంటని ఎస్టెల్లా. అంటే లేని మనిషి.

గోదారిగట్టు

న్యూగేట్ ఘట్టం నాకూ ఇష్టం. అది నా వైపే మాట్లాడుతుంది కూడా. అప్పటి పిప్‌కి నిజం తెలీదు. తెలిశాక దులుపుకోలేదు కదా! దులుపుకోవడానికి అన్ని అవకాశాలూ ఉన్నాయి. మాగ్విచ్ డబ్బు వద్దనుకున్నాడు గానీ మాగ్విచ్‌ని వదల్లేదు. కోర్టు బోనులో ఉన్న అతని చెయ్యి అందరి ఎదుటా పట్టుకున్నాడు. న్యూగేట్ గాలి ఊపిరిలోంచి వదిలేసిన మనిషి, అలాంటి జైలు గదిలోకే రోజూ వెళ్లి కూర్చున్నాడు. ఈ మార్పు అయ్యాక కూడా ఎస్టెల్లా మీద ప్రేమ మిగిలింది. మొదట్లో వర్గం కలిసి ఉందనడంలో నాకూ పేచీ లేదు. ఆమెనీ, డబ్బూ హోదాల మీద తన ఆరాటాన్నీ విడదీసి చూడలేకపోయానని పిప్పే ఒప్పుకున్నాడు. మొదలైన చోటుని బట్టి మిగిలినదానికి పేరు పెట్టకండి అంటున్నాను.

పాతఅచ్చు

పెద్దవాణ్ని, కాస్త చరిత్ర కలుపుతాను. దాంతో వాదన తేలకపోవచ్చు, ఆధారాలు మాత్రం చేతికొస్తాయి.

డికెన్స్ చిన్నప్పుడు కెంట్‌లోని చాథమ్‌లో పెరిగాడు. 1824లో తండ్రి అప్పుల కింద మార్షల్సీ జైలుకి వెళ్లాడు. పన్నెండేళ్ల డికెన్స్ బూట్ల పాలిష్ తయారుచేసే చోట సీసాలకి చీటీలు అంటించే పనిలో చేరాడు. ఆ అవమానం బతికినంత కాలం లోకానికి చెప్పలేదు. ఆయన పోయాక స్నేహితుడు జాన్ ఫార్‌స్టర్ 1872లో జీవితచరిత్ర మొదటి భాగం అచ్చువేశాకే పాఠకులకి తెలిసింది. ఇప్పుడు కొలిమిఇల్లు గారు చెప్పిన ఇరవై ఏడో అధ్యాయానికి రండి. లండన్‌లో ఏం చూశావు అని అడిగితే జో తిన్నగా బూట్ పాలిష్ గోదాం చూడటానికి వెళ్లామంటాడు. 1861లో చదివినవాళ్లకి అది పల్లెటూరి మనిషి మాట. రాసినవాడికి అది గుండెలో ముల్లు. ఇంటిని చూసి సిగ్గుపడటం చాలా దుర్భరమైన సంగతి అని పద్నాలుగో అధ్యాయం మొదట్లో రాసిన మనిషి దాన్ని ఊహించి రాయలేదు.

చోట్లు కూడా కళ్లతో చూసినవే. 1856లో ఆయన రోచెస్టర్ దగ్గర గాడ్స్ హిల్ ప్లేస్ అనే ఇల్లు కొన్నాడు. చిన్నప్పుడు తండ్రితో నడుస్తూ చూసి ఆశపడిన ఇల్లే అది. నీలిఅట్ట గారు దీన్ని తన వాదనకి వాడుకోవచ్చు. దగ్గర్లోని కూలింగ్ ఊరి చర్చి ఆవరణలో పసిపిల్లల సమాధులు 13 ఉన్నాయి. నవలలో పిప్ అన్నదమ్ముల సమాధులు ఐదే. రోచెస్టర్‌లో రెస్టరేషన్ హౌస్ అనే పాత భవంతి సాటిస్ హౌస్‌కి నమూనా అంటారు.

ఇక ముగింపు. నవల ‘ఆల్ ది ఇయర్ రౌండ్’ అనే ఆయన సొంత వారపత్రికలో 1860 డిసెంబర్ 1 నుంచి 1861 ఆగస్టు 3 దాకా వచ్చింది. మొదట రాసిన ముగింపులో డ్రమ్మిల్ పోయాక ఎస్టెల్లా ఒక డాక్టర్‌ని పెళ్లిచేసుకుంటుంది. పిప్ లండన్ పికడిల్లీ వీధిలో, అక్క పోయాక జో పెళ్లాడిన బిడ్డీ కొడుకుతో నడుస్తుంటే ఆమె బండి ఆపించి పలకరిస్తుంది. ఆ పిల్లాడు పిప్ కొడుకే అనుకుంటుంది, పిప్ సరిదిద్దడు. రెండు మాటలు, అంతే. ప్రూఫులు చదివిన నవలాకారుడు బుల్వర్ లిటన్ మార్చమని పట్టుబడితే డికెన్స్ ఇప్పుడు మనం చదివే ముగింపు రాశాడు. అందులో ఇద్దరూ కూల్చేసిన సాటిస్ హౌస్ ఖాళీ స్థలంలో కలుస్తారు, చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుస్తారు. పాత ముగింపుని ఫార్‌స్టర్ 1874లో బయటపెట్టాడు, కథ నడకకి అదే సరిపోతుందని ఆయన అభిప్రాయం. 1937లో బెర్నార్డ్ షా ముందుమాటతో వచ్చిన ప్రతిలో పాత ముగింపే వేశారు.

కొలిమిఇల్లు

పాతఅచ్చు గారూ, బూట్ పాలిష్ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. చాలా థాంక్స్ అండీ. ఇంకో చిన్నమాట. యాభై ఏడో అధ్యాయంలో జో పిప్ పక్కన కూర్చుని బిడ్డీకి ఉత్తరం రాస్తాడు. పెద్ద పనిముట్ల పెట్టెలోంచి ఏరుకున్నట్టు కలం ఏరుకుంటాడు, గునపమో సమ్మెటో ఎత్తబోతున్నట్టు చొక్కా చేతులు మడుస్తాడు, కుడికాలు వెనక్కి చాపి బల్లకి మోచెయ్యి ఆనిస్తాడు. నా చిన్నప్పుడు తాత వేలిముద్ర మానేసి సంతకం నేర్చుకుంటున్నప్పుడు అచ్చం ఇలాగే కూర్చునేవాడు. ఇది దగ్గరనుంచి చూసినవాడి రాత. పిప్ జబ్బుగా ఉన్నంతసేపు జో ‘ఓల్డ్ చాప్’ అని పాత చనువుతో పిలుస్తాడు. పిప్‌కి బలం వస్తున్నకొద్దీ మళ్లీ ‘సర్’ అనడం మొదలుపెడతాడు. పిప్ మారాడని జోకి నమ్మకం కుదరలేదు. కుదరకపోవడంలో తప్పెవరిదో పిప్‌కి తెలుసు, పైకి చెప్పలేకపోయాడు.

ఫైనల్‌ఇయర్

మా క్లాసులో ఒకరు దీన్ని మన కులాలతో పోల్చారు. అది కరెక్టేనా?

పాతఅచ్చు

బాబూ, సిగ్గు, అంతరం అనే అనుభవం వరకు పోల్చుకోవచ్చు, మనందరికీ నవల అంత దగ్గరగా అనిపించడానికి కారణం అదే. కానీ ఆ సమాజంలో డబ్బూ, చదువూ, మాటతీరూ మారితే ఒక్క తరంలోనే మనిషిని పెద్దమనిషిగా ఒప్పుకునేవాళ్లు. మాగ్విచ్ పందెం అంతా దాని మీదే. శిక్షగా పంపించిన ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో గొర్రెలు కాసి సంపాదించిన డబ్బుతో లండన్ పెద్దమనిషిని ఒకణ్ని తయారుచేశాడు. అదే పెద్దరికం కోర్టులో ఎలా పనిచేసిందో కూడా చూడు. ఒకే నేరంలో మాగ్విచ్‌కి 14 ఏళ్లు, అతనితో కలిసి ఆ నేరం చేసిన కాంపీసన్ అనే దొరబాబుకి 7 ఏళ్లు. కాంపీసన్ నల్లకోటు, తెల్ల చేతిరుమాలు, చదువుకున్న మాటలు చూసి జడ్జి దయ చూపించాడు. మిస్ హావిషామ్ గడియారాలు ఆగిపోయింది కూడా ఈ కాంపీసన్ వల్లే. సాటిస్ హౌస్ శిథిలం, చిత్తడి నేలల్లో ఖైదీ, రెండూ ఒకే దొరబాబు చేతిపని. ఇది పరీక్షలో రాస్తే కులం పోలిక కంటే బాగుంటుంది.

గోదారిగట్టు

ముగింపు సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. పిప్ ప్రేమించింది ఇంటినే అయితే, ఇల్లు లేకుండా పోయాక ఆ ప్రేమ ఉండకూడదు కదా. అచ్చయిన ముగింపులో ఇల్లు లేదు, బీరు కార్ఖానా లేదు, పాత తోట గోడ ఒక్కటే మిగిలింది. అక్కడ కొత్తగా కట్టబోతున్నారు. ఎస్టెల్లా పాత అందం తగ్గింది, దెబ్బలు తిన్న మొహం. పిప్ తూర్పుదేశాల వ్యాపారంలో కష్టపడి బతుకుతున్న గుమాస్తాగా మొదలై భాగస్వామి అయిన మనిషి. మొరటు చేతులూ లేవు, రాకుమారీ లేదు. అయినా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఇల్లు తీసేసి మనుషుల్ని మిగిల్చి చూపించాడు డికెన్స్.

వేసవిమధ్యాహ్నం

నాకు పాత ముగింపే నచ్చుతుంది. అందులో ఎస్టెల్లా పిప్ ప్రమేయం లేకుండా మళ్లీ బతుకు కట్టుకుంది. బాధ వల్ల తనకి పిప్ గుండె ఎలా ఉండేదో అర్థమైందని ఆమె మొహంలో, గొంతులో, చేతి స్పర్శలో పిప్‌కి తెలుస్తుంది. అది చాలు. పిప్‌కి భార్యగా ఇవ్వకపోతే ఆమె కథ పూర్తికాదని ఎందుకు అనుకోవాలి?

నీలిఅట్ట

గోదారిగట్టు గారి చివరి ప్రశ్న గట్టిది, దానికి నా జవాబు ఇది. ఇల్లు పోయింది, నేల పోలేదు. ఆ రాత్రి ఎస్టెల్లా తానే చెప్తుంది: మిగతావన్నీ పోయాయి, ఈ నేల ఒక్కటే నేను వదులుకోలేదు అని. పిప్ ఆ రాత్రి అక్కడికి ఎందుకు వెళ్లాడు? కొలిమి వంటింట్లో తన పాత పీట మీద కూర్చున్న జో, బిడ్డీల కొడుకు చిన్న పిప్‌ని చూశాడు, జో ఉన్నాడు, బిడ్డీ ఉంది. బిడ్డీ ఇంకా ఆమె మీద బెంగ ఉందా అని అడిగితే, ఆ కల పోయిందని చెప్పాడు. అలా చెప్తున్నప్పుడే ఆ సాయంత్రం ఎస్టెల్లా కోసం ఒక్కడే ఆ స్థలానికి వెళ్లాలని లోపల నిశ్చయించుకున్నాడు. ఆమె అక్కడ ఉంటుందని తెలీదు. మనిషి ఉంటుందన్న ఆశ లేకుండా వెళ్లాడంటే చోటు కోసమే వెళ్లాడు.

పాత ముగింపులో పికడిల్లీ వీధి. అక్కడ సాటిస్ హౌస్ గోడ లేదు, తోట లేదు, పొగమంచు లేదు. ఆ చోటు లేనప్పుడు ఇద్దరి మధ్య రెండు పలకరింపులు తప్ప ఏమీ మిగల్లేదు. ఇద్దరినీ కలపాల్సి వచ్చినప్పుడు డికెన్స్ వాళ్లని మళ్లీ ఆ గేటు లోపలికి తీసుకెళ్లాల్సి వచ్చింది. వేరే ఏ చోటులోనూ ఆ కలయిక నమ్మించడం ఆయనకీ కుదరలేదని నేననుకుంటాను.

వేసవిమధ్యాహ్నం గారితో ఒకచోట పూర్తిగా ఏకీభవిస్తాను. పికడిల్లీ ఎస్టెల్లా సొంత మనిషి. ఆమెని అలా చూడగలిగిన పిప్ ఆ ముగింపులో ఉన్నాడు, బండి దగ్గర నిలబడి ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు. గోదారిగట్టు గారు చెప్పే ప్రేమ నాకు ఎక్కడైనా కనిపిస్తే అక్కడే కనిపిస్తుంది, డికెన్స్ అచ్చుకి ఇవ్వని ఆ పేజీలో.

గోదారిగట్టు

పికడిల్లీలో ప్రేమ ఉందని మీరే అంటున్నారు కాబట్టి సగం దూరం వచ్చారు. మిగతా సగానికి యాభై తొమ్మిదో అధ్యాయంలో ఎస్టెల్లా మాటలు మళ్లీ చదవండి. తాను వంగిపోయాననీ, విరిగిపోయాననీ, ఇంకాస్త మంచి మనిషిగా మారానని ఆశిస్తున్నాననీ చెప్తుంది. మనం స్నేహితులమని చెప్పు అని అడుగుతుంది. చిన్నప్పుడు కుక్కకి పెట్టినట్టు రొట్టె ఇచ్చిపోయిన పిల్ల, అదే చోట నిలబడి అడుగుతోంది. ఆ మాట పికడిల్లీలో అడిగితే దానికి ఈ బరువు రాదు. చోటు కావాల్సింది అందుకు, పిప్ మోజు కోసం కాదు. రేపు తీరిగ్గా మిస్ హావిషామ్ మంటల ఘట్టం గురించి రాస్తాను. పిప్ చేతులు కాలింది అక్కడే. ఎస్టెల్లా ఎగతాళి చేసిన ఆ చేతులే.